కుర్చీ చుట్టూ సుద్దగీతలు

ఇల్లు, వంటగది బల్ల

అమ్మాయికి,

ఆ రోజు ఏం జరిగిందో ఉన్నది ఉన్నట్టు రాయమన్నావు. పిన్ని ఒకలా, పక్కింటావిడ ఒకలా చెబుతున్నారన్నావు. ఫోన్‌లో నీ గొంతు వింటూ చెప్పడం నా వల్ల కాదు. అందుకని రాస్తున్నాను.

పొద్దున మీ అమ్మ మామూలుగానే లేచింది. టీ నేను పెట్టాను. పంచదార ఎక్కువైందంది. అయినా మొత్తం తాగింది. ఇవాళ దుకాణానికి వెళ్లనన్నాను. "ఇంట్లో కూర్చుని నా మొహం చూస్తారా? ఇన్నేళ్లూ చూసింది చాల్లేదూ?" అంది. నేను వెళ్లలేదు.

మధ్యాహ్నం దాకా పడుకుంది. తర్వాత నీ గదిలోకి తీసుకెళ్లమంది. చెయ్యి పట్టుకుని నడిపించాను. కిటికీ దగ్గర పేము కుర్చీలో, సెలవుల్లో నువ్వు బొమ్మ వేసేటప్పుడు కూర్చున్నట్టే కూర్చుంది. చెప్పులు విడిచింది. కిందికి చూసుకుంది. ఏదో అని నవ్వింది. చాలాసేపు నవ్వింది. తర్వాత వేడి పాలు ఇమ్మంది.

వంటింట్లోకి వెళ్లాను. పాలు కాగుతుండగా కుర్చీ కిర్రుమంది. నన్ను కేకెయ్యడానికి ఓపిక లేనప్పుడు ఆమె అలాగే కుర్చీలో కదిలేది, నీకు తెలుసు. "ఆఁ, వస్తున్నా" అన్నాను. గ్లాసు కడిగాను. తుడిచాను. పాలు పోశాను. వెళ్లేసరికి తల కిటికీవైపు వాలి ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి. కళ్లు చూడటం నా పని. ఎవర్నీ అడగక్కర్లేకపోయింది.

గ్లాసు కిటికీలో పెట్టి కాసేపు నేల మీద కూర్చున్నాను. తర్వాత పక్కింటావిడను పిలిచాను. డాక్టరు వచ్చాడు. నీకు ఫోన్ చేశాను. మిగతాది నువ్వు వచ్చాక జరిగిందే.

ఆమె బాధ పడలేదు. నిన్ను ఊరడించడానికి ఈ మాట రాయడం లేదు.

నాన్న

*

హాస్టల్, పై అంతస్తు గది

నాన్నా,

నీ ఉత్తరం చదివాను. మడిచి పెట్టాను. మళ్లీ తీసి చదివాను. థాంక్స్ అనాలో ఏమనాలో తెలీడం లేదు.

అమ్మ ఏమని నవ్వింది? "ఏదో అని" అని రాశావు. కళ్లద్దాల నంబర్లో పావు తేడా వచ్చినా మనిషిని మళ్లీ కూర్చోబెట్టి పరీక్ష చేసేవాడివి. నీ దగ్గర "ఏదో" ఉండదు నాన్నా. చెప్పాలనిపించినప్పుడు చెప్పు.

ఇక్కడ అంతా బాగానే ఉంది. చివరి సంవత్సరం కదా, ఎవరి బొమ్మ వాళ్లకి పట్టింది. ప్రదర్శనలో గోడ మీద నిలువెత్తు బొమ్మ పెడితేనే డిగ్రీ. నాది అమ్మ బొమ్మే. పెద్ద కాగితం మీద బొగ్గుతో వేసింది, చుట్టి తెచ్చుకున్నాను కదా, అదే. మొహం అయింది, చేతులు అయ్యాయి, కుర్చీ అయింది. కొంచెమే మిగిలింది.

మా మాస్టారు అలాగే ఉన్నారు. బోర్డు దగ్గరికి రావడం, వెనక నిలబడి ఊపిరి పీల్చడం, "తుడిచెయ్" అనడం. అందరం ఆయన్ని తుడిచెయ్ మాస్టారు అనే పిలుస్తాం. ఆయనకీ తెలుసు. బొగ్గు చెరపడానికి బ్రెడ్డు ముక్క వాడమంటారు. సెలవుల్లో నేను బ్రెడ్డు పెట్టి రుద్దుతుంటే అమ్మ "ఆకలికి తినేదానితో నన్ను చెరిపేస్తున్నావేమే" అంది, గుర్తుందా?

ఒక్క మాట. పిన్ని ఇల్లు సర్దడానికి వస్తానందిగా. నా గదిలో కుర్చీ జరపనివ్వకు. నేల తుడవనివ్వకు. అవి పిచ్చిగీతలు కావని చెప్పు. మోడల్ లేచి వెళ్లే ముందు కుర్చీ కాళ్ల చుట్టూ, పాదాల చుట్టూ సుద్దతో గీసుకుంటాం. మర్నాడు వచ్చి ఆ గీతల్లోనే పాదాలు పెడితే నిన్నటి పోజు దొరుకుతుంది. అవి పోతే అమ్మ ఎక్కడ కూర్చుందో ఇంకెక్కడా ఉండదు.

"అమ్మాయికి" అని రాశావు. ఆఫీసు ఉత్తరంలా ఉంది. బొగ్గూ అని పిలిచే మనిషి ఒక్కతే ఉండేది ఇంట్లో.

నీ అమ్మాయి

*

కళ్లద్దాల దుకాణం, గిరాకీ లేని వేళ

అమ్మాయికి,

పిన్ని వచ్చి వెళ్లింది. చీపురు, బకెట్టు తనే తెచ్చుకుంది. నీ గది గుమ్మంలో ఆగిపోయింది.

"ఇదేంటి బావగారూ? పోలీసులొచ్చి గీసి వెళ్లినట్టుంది!"

"బొమ్మ కోసం గీసుకుంది."

"బొమ్మ పోయి, మనిషీ పోయాక ఇంకా ఎందుకండీ? ఇలాంటివి ఇంట్లో ఉంచుకోకూడదు. మీరు అటు తిరగండి, నేను రెండు నిమిషాల్లో అవగొట్టేస్తాను."

వద్దన్నాను. వినలేదు. బకెట్టు లోపలికి తెచ్చింది. అప్పుడు బకెట్టు తీసుకెళ్లి పెరట్లో పారబోశాను. పిన్ని నా వంక చూసి, "మా అక్క ఉన్నప్పుడు ఇంత మాట పట్టింపు లేదు మీకు" అని కూర్చుని ఏడ్చింది. టీ పెట్టాను. ఇందులో పంచదారే లేదంది.

గదిలోకి నేను పెద్దగా వెళ్లను. గీతల చుట్టూ ఊడుస్తున్నాను. వాటి మీద దుమ్ము పడితే నిలబడే తువ్వాలుతో విసురుతున్నాను.

ఇంకొకటి రాయాలా వద్దా అనుకున్నాను. రాస్తున్నాను. పగటి ఎండకి ఆ పేము వేడెక్కుతుంది. ఎండ తగ్గాక చల్లబడి కిర్రుమంటుంది. రోజూ అంటుంది. నేను సైన్సు చదివినవాణ్ణి, కారణం తెలుసు. వంటింట్లో ఉంటే "ఆఁ, వస్తున్నా" అనేస్తున్నాను. అనేసిన తర్వాత వెళ్లకుండా ఉండలేను. వెళ్లి గుమ్మంలో నిలబడతాను. కుర్చీ ఖాళీగానే ఉంటుంది. ఖాళీగా ఉందని అనిపించదు.

నిన్న దుకాణంలో ఒకావిడ పరీక్ష కుర్చీలో కదిలింది. "ఆఁ, వస్తున్నా" అన్నాను. ఆవిడ ఎదురుగానే ఉన్నాను. "ఎక్కడికండీ?" అంది. తర్వాత అద్దాలు మార్చి మార్చి పెడుతుంటే, "ఏ అద్దం పెట్టినా మా ఆయన అలాగే కనిపిస్తున్నాడండీ" అంది. ఇలాంటివి సాయంత్రం ఇంటికి వెళ్లి మీ అమ్మకి చెప్పేవాణ్ణి. నీకు రాస్తున్నాను.

నువ్వడిగింది మర్చిపోలేదు. ఇప్పుడు కాదు.

నాన్న

*

కాలేజీ, బొమ్మల హాలు బయట మెట్లు

నాన్నా,

ఈ ఉత్తరం చదివి కంగారుపడకు.

కాలేజీ మానేస్తున్నాను. పుస్తకాల బొమ్మలు వేసే ఆఫీసు ఒకటి ఉంది. పిల్లుల్నీ కుందేళ్లనీ వెయ్యాలి. వాటికి చెప్పులుండవు, పాదాలుండవు, పంజాలే. అది చేసుకుంటాను.

కారణం అడుగుతావని తెలుసు. నాకు పాదాలు రావడం లేదు. అంతే. అమ్మ పోయాక ఇక్కడికి తిరిగొచ్చినప్పటి నుంచీ ఎవర్ని ముందు కూర్చోబెట్టినా చీలమండ దగ్గర నా చెయ్యి ఆగిపోతోంది. నిన్న క్లాసులో మాస్టారు నా కాగితాలన్నీ వరసగా నేల మీద పరిచారు. ముసలాయన, పాలమ్మాయి, మా వాచ్‌మన్, అందరూ చీలమండ దగ్గరే అయిపోయారు. "ఏమ్మా, మీ ఊళ్లో వరదలా? అందరూ నీళ్లలో నిలబడ్డారు" అన్నారు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను.

తర్వాత అమ్మ బొమ్మ విప్పమన్నారు. విప్పాను. మొహం చూసి ఏమీ అనలేదు. చేతులు చూసి ఏమీ అనలేదు. తుడిచెయ్ మాస్టారు ఏమీ అనకపోతే అది బహుమతి ఇచ్చినట్టే. కింద పాదాల చోట కాగితం మాసిపోయి ఉంది. చాలాసార్లు వేసి చెరిపానని తెలిసిపోతుంది. అక్కడ కాగితం నూగులేచి పల్చబడింది. "ఇక్కడేం కనిపించింది నీకు?" అని అడిగారు. కాగితం చుట్టబోయాను. "తెలిసింది కాదు, కనిపించింది వెయ్యి అని మొదటి సంవత్సరం నుంచీ చెబుతున్నాను" అన్నారు. నేను బయటికి వచ్చి ఈ మెట్ల మీద కూర్చున్నాను.

రాత్రి ఆ కాగితం మంచం కింద పెడతాను. అయినా మెలకువ వస్తే గదిలో ఎవరో చెప్పులు విడుస్తున్నట్టు ఉంటుంది.

గీతలు తుడిచెయ్యి నాన్నా. పిన్ని చెప్పిందే సరి. ఆ కుర్చీ పిన్నికి ఇచ్చెయ్యి. నా కోసం ఏదీ దాచొద్దు.

నీ అమ్మాయి

*

ఇల్లు, నీ గది

బొగ్గూ,

నువ్వు తుడవమన్నావు కాబట్టి బకెట్టు, గుడ్డ తీసుకుని గదిలోకి వెళ్లాను. పొద్దుటిపూట. కిటికీలోంచి ఎండ ఏటవాలుగా నేల మీద పడుతోంది. మోకాళ్ల మీద కూర్చున్నాను. ఇన్నాళ్లూ నిలబడే చూశాను. దగ్గరగా చూడలేదు. అందరికీ దగ్గర చూపు పరీక్షించేవాణ్ణి.

కుర్చీ కాళ్ల చుట్టూ ఒక్కటే గీత. తెల్లది. పాదాల చుట్టూ మూడు. లోపల తెలుపు, దాని బయట పసుపు, దాని బయట నీలం. మడమలు మూడింటికీ ఒక్కచోటే ఉన్నాయి. పాదం మాత్రం ఒకదానికంటే ఒకటి వెడల్పు. నీలం గీతలో వేళ్ల మధ్య సందు లేదు.

గుడ్డ పిండి దండెం మీద ఆరేశాను. గీతలు తుడవలేదు.

నువ్వు గీస్తున్నప్పుడు నేను గుమ్మంలో ఉండేవాణ్ణి. "మళ్లీ కదిలావమ్మా! మోడల్ అన్నాక ఒక్కచోట ఉండొద్దూ?" అని విసుక్కునేదానివి. "నేను కదల్లేదే, నీ సుద్దే కదిలింది" అనేది. నువ్వు రంగు మార్చి మళ్లీ గీసేదానివి. ఆమె కదల్లేదు. పాదాలు వాస్తున్నాయి. వాపును నువ్వు పోజు తప్పనుకున్నావు. ఆమె పోయాక ఎవరో చెప్పి ఉంటారు నీకు, గుండె నీరసించినవాళ్లకి కాళ్లు వాస్తాయని. అప్పటి నుంచీ నీ చెయ్యి చీలమండ దగ్గర ఆగుతోంది. ఇదేనా? ఇది కాకపోతే చెప్పు.

ఇదే అయితే, నువ్వు తెలుసుకోవాల్సింది ఒకటుంది. మాకు ముందే తెలుసు. నువ్వు సెలవులకి రాకముందే డాక్టరు నన్నూ ఆమెనూ కూర్చోబెట్టి చెప్పాడు. మందులతో కొంతకాలం, అంతకు మించి ఏమీ చెయ్యలేమన్నాడు. మరో డాక్టరు దగ్గరికి కూడా వెళ్లాం. అదే మాట. నువ్వు చూసి అరిచి చెప్పినా మారేది కాదు.

నీకు చెబుదామన్నాను. ఒప్పుకోలేదు. ఆమె అన్నమాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను. "చెబితే రేపటి నుంచీ అది నన్ను జబ్బుమనిషిని చూసినట్టు చూస్తుంది. ఇప్పుడు చూడండి, కిటికీలో పెట్టిన కుండని చూసినట్టు చూస్తోంది. ఎక్కడ వెలుతురుంది, ఎక్కడ నీడుంది, అంతే. పుట్టి బుద్ధెరిగాక నన్నెవరూ అలా చూళ్లేదు. నాకు హాయిగా ఉంది. పాడు చెయ్యకండి."

నేను పాడు చెయ్యలేదు.

ఇక నువ్వడిగింది. చివరి రోజు కుర్చీలో కూర్చుని, చెప్పులు విడిచి, పాదాలు నీ గీతల్లో పెట్టింది. నీలంలో కూడా పట్టలేదు. నా వంక చూసి, "మీ కూతురికి ఇంకో రంగు సుద్ద కావాలండోయ్" అంది. అందుకే నవ్వింది.

నాన్న

*

హాస్టల్

నాన్నా,

అవును. అదే.

ఇక్కడ ఒకమ్మాయి వాళ్ల తాతగారి జబ్బు గురించి మామూలుగా చెబుతోంది, మెస్సులో తింటూ. ముందు కాళ్లు వాచాయి, తర్వాత పోయారు అంది. చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. నేను వాపును మూడు రంగుల్లో గీశాను నాన్నా. కొలిచి మరీ గీశాను. గీసి అమ్మనే తిట్టాను. ఇది ఎవరికి చెప్పను?

కానీ మీ మీద నాకు చాలా కోపంగా ఉంది. మీరిద్దరూ కలిసి నా కళ్లకి గంతలు కట్టారు. కట్టి, నా చేత బొమ్మ వేయించుకున్నారు. కుండట! అమ్మకి హాయిగా ఉందట! మరి నాకు? నాకు తెలిస్తే ఆ సెలవుల్లో అంతసేపు ఎదురుగా నిలబడి ఉండేదాన్నా? పక్కన కూర్చునేదాన్ని. కాళ్లు ఒళ్లో పెట్టుకునేదాన్ని. అది నాకు లేకుండా చేశారు. అమ్మ అడిగితే మాత్రం నువ్వు తలూపడమేనా? నీకంటూ ఒక మాట ఉండదా?

నాకు జవాబు రాయొద్దు.

*

కళ్లద్దాల దుకాణం

బొగ్గూ,

రాయొద్దన్నావు. నాలుగు ముక్కలే రాస్తున్నాను.

నీ కోపం న్యాయమైనదే. ఆమె ఉంటే ఆమె మీద కోప్పడేదానివి. ఇప్పుడు నేనే ఉన్నాను కాబట్టి నా మీద కోప్పడు. ఆమె వాటా కూడా నాకే రాయి.

నాకంటూ ఒక మాట ఉందా అని అడిగావు. ఉంది. కాలేజీ మానొద్దు. కుందేళ్లు ఎక్కడికీ పోవు.

చలి మొదలైంది. దుప్పటి పంపిస్తున్నాను.

నాన్న

*

కాలేజీ, బొమ్మల హాలు

నాన్నా,

దుప్పటి అందింది. అమ్మ వాసన వస్తుందేమోనని భయపడ్డాను. నాఫ్తలీన్ ఉండల వాసన వచ్చింది. బతికిపోయాను. కాసేపటికి, అమ్మ వాసన రాలేదని ఏడ్చాను.

నీ ఉత్తరం మాస్టారికి చూపించాను. కుండ గురించి అమ్మ అన్న చోట ఆగిపోయారు. కళ్లజోడు తీశారు. ఆయన అద్దం మీద గీతలు పడ్డాయి, నువ్వు చూస్తే ఊరుకోవు. "ఇంత మంచి మాట మోడల్ చెప్పగా నేనెప్పుడూ వినలేదు" అన్నారు. తర్వాత అమ్మ బొమ్మ ముందు నిలబడ్డారు. నేను తుడిచెయ్ అంటారనుకున్నాను.

"తుడవకు" అన్నారు. "నీకు మూడు పాదాలు కనిపించాయి. నువ్వు ఒకటే వెయ్యాలనుకుని చెరుపుతున్నావు. మూడూ వెయ్యి. ఒకదాని మీద ఒకటి."

"గుర్తు లేవు సార్."

"గుర్తు పెట్టుకుని వేసేదానికి ఇన్నేళ్లు ఇక్కడెందుకు? ఎక్కడ గీశావో అక్కడికి పో. అదే కిటికీ, అదే ఎండ. కుర్చీలో ఎవరినైనా కూర్చోబెట్టు. ఖాళీ కుర్చీ ముందు పెట్టుకుని వేస్తే పాదాలకి బరువు రాదు, తేలిపోతాయి."

"ఎవర్ని కూర్చోబెట్టను సార్?" అంటే, "అది నన్నడిగితే ఎలా?" అని వెళ్లిపోయారు.

నాన్నా, ఆ కుర్చీలో ఇంకెవరైనా కూర్చోవడం నేను చూడలేను. పిన్నిని అడగను. నిన్ను అడగలేను. అది కిర్రుమన్నా నువ్వు గుమ్మంలోనే ఆగిపోతావుగా. గీతలు మాత్రం చూసుకుంటాను. ఒకసారి మోకాళ్ల మీద కూర్చుని చూస్తాను, నువ్వు చూసినట్టు. వెయ్యగలిగితే వేస్తాను. లేకపోతే లేదు. ప్రదర్శన దగ్గరపడింది, ఇక వాయిదా వెయ్యలేను.

ఆదివారం పొద్దున బండి దిగుతాను. స్టేషన్‌కి రావొద్దు, కాగితం చుట్ట పట్టుకుని నడిచి వస్తాను. దారిలో నన్ను నేను కొంచెం కూడదీసుకోవాలి.

కోపం ఇంకా ఉంది. తగ్గింది.

బొగ్గు

*

ఇల్లు, శనివారం సాయంత్రం

బొగ్గూ,

ఈ ఉత్తరం పోస్టు చెయ్యడం లేదు. రేపు నువ్వు వచ్చేసరికి వీధి తలుపుకి, గొళ్లెం పక్కన గుచ్చి ఉంటుంది. ఇక్కడే నిలబడి చదువుకో.

ఇవాళ దుకాణం తొందరగా కట్టేశాను. కిటికీ అద్దాలు తుడిచాను, బయటా లోపలా. పరదా తీసేశాను. నీ బొమ్మ స్టాండు కాళ్లకి కూడా నువ్వు తెల్ల గుర్తులు పెట్టుకున్నావు. అందులోనే నిలబెట్టాను. బ్రెడ్డు తెచ్చాను. నువ్వు తినడానికి ఒకటి, చెరపడానికి ఒకటి. పిన్ని వచ్చి చూసింది. "నేను కూర్చోనా బావగారూ? అక్కా నేనూ ఒకే కొలత" అంది. వద్దన్నాను. ఈసారి ఏడవలేదు. "అయితే మీరు గడ్డం గీసుకోండి" అని వెళ్లింది.

సాయంత్రం కుర్చీ మళ్లీ కిర్రుమంది. "ఆఁ, వస్తున్నా" అన్నాను. వెళ్లాను. గుమ్మం దాటి లోపలికి వెళ్లాను. చాలాసేపు నిలబడ్డాను. కూర్చోలేదు. ఎవరి చోటో అడగకుండా తీసుకుంటున్నట్టు అనిపించింది. అప్పుడు పైకే అడిగాను. ఏమని అడిగానో రాయను. జవాబేమీ రాలేదు. వద్దని కూడా రాలేదు.

నా పాదాలు మీ అమ్మ పాదాలకంటే పెద్దవి. చూపుతోనే కొలిచాను. తెలుపులో పట్టవు, పసుపులో పట్టవు, నీలంలోనూ పట్టవు. ఆమె చివర్న అడిగిన ఇంకో రంగు సుద్ద కొన్నాను. ఆకుపచ్చ. కిటికీలో, ఆ రోజు పాలగ్లాసు పెట్టిన చోట ఉంది. మిగతా మూడు గీతలూ చెరగకుండా నా చుట్టూ గీసుకో. నేను కదలను. నువ్వు దగ్గరగా వచ్చి కూర్చున్నా, కాళ్లు ఒళ్లో పెట్టుకున్నా, కదలను. మోడల్ మాట్లాడకూడదంటావుగా. మాట్లాడను. నువ్వు నన్ను కుండని చూసినట్టే చూడు.

రేపు పొద్దున ఎండ కిటికీలోకి రాకముందే గడ్డం గీసుకుని, వీధి తలుపు దగ్గరగా వేసి, చెప్పులు విడిచి, ఆ కుర్చీలో కూర్చుంటాను. నువ్వు లోపలికి వచ్చేటప్పుడు అది కిర్రుమంటే భయపడకు. నేనే.

నాన్న